సుఖరేఖ దాటని ఇల్లు

సుభాషిణి స్నానాల గదిలోంచి వచ్చేసరికి ఇల్లు నల్లమల ఘాట్ రోడ్డు దిగుతోంది. బల్ల మీది కప్పులో కాఫీ అంచుదాకా ఉంది, ఒక్క చుక్క తొణకలేదు. దానివైపు అనుమానంగా చూసి, గాల్లోకి చెప్పింది.

"కుదుపు లేదు. పరుపుకి మా అత్తగారు కూడా వంక పెట్టలేరు. వంటగదిలో నలుగురు నిలబడితే మోచేతులు తగులుతాయి. ధర మాత్రం దారుణం."

ఆ మాటలన్నీ ఇంటి గోడలే విని నమోదు చేసుకున్నాయి. కొత్తగా వచ్చే సంచారసౌధాల్లో కొనేవాళ్లకన్నా ముందే కాపురం పెట్టి మంచిచెడ్డలు చెప్పడం ఆమె వృత్తి. ఆమె నోటికి జడిసే కంపెనీలు చాలానే ఉన్నాయి.

అప్పటికి జనంలో సగం మంది కాపురాలు చక్రాల మీదికి ఎక్కేశాయి. స్టీరింగ్ అనేది ఎవరికీ గుర్తే లేదు. ఇంటిని నడిపేది మనోసారథి. నేల, కుర్చీ, పరుపు, అన్నీ లోపలి మనిషి నాడిని చూస్తూనే ఉంటాయి. మనసు కుదురుగా ఉన్నంతసేపూ గోడ మీద పచ్చటి గీత వెలుగుతుంది. దాన్ని సుఖరేఖ అంటారు. ఆ గీత పడిపోకుండా కాపాడడం మనోసారథికి మొదటి పని. చెప్పిన ఊరు చేర్చడం దాని తర్వాతే. జనం వీటిని ఎగబడి కొన్నది కూడా అందుకే.

"ప్రశాంతధూపం అనే సదుపాయం కూడా ఉందండీ. చూస్తారా?" అని ఇల్లు మర్యాదగా అడిగింది.

"తర్వాత చూద్దాంలే. నాకిప్పుడు ఏం కొంప మునిగిందని?" అంది సుభాషిణి.

అంతలో ఫోను మోగింది. అక్క కూతురు మేదిని. వాళ్లది మార్కాపురంలో కదలని ఇల్లు.

"పిన్నీ, యాడున్నావ్? అమ్మ నిన్నే కలవరిస్తా ఉంది. డాక్టరు సాయంత్రం దాకా కూడా కష్టమే అన్నాడు."

తల్లి పోయాక తనకు అన్నం కలిపి పెట్టిందీ, జడ వేసి బడికి పంపిందీ ఆ అక్కే.

"ఫోను అక్కకివ్వవే."

అవతల ఊపిరి ఎగబీల్చిన చప్పుడు. "చిన్నీ, నాకు భయంగా ఉందే. నువ్వొచ్చి పక్కన కూర్చో. ఇద్దరం కాసేపు ఏడిస్తే ఈ భయం పోద్ది."

"వచ్చేస్తున్నా అక్కా. దగ్గర్లోనే ఉన్నా."

మార్కాపురం అని చెప్పగానే ఇల్లు సరేనంది, వేగం కూడా పెంచింది. కంభం దాటింది. పలకల గనుల దగ్గర నల్లటి రాతిముక్కల గుట్టలు కనిపించాయి. చిన్నప్పుడు అక్క ఆ గుట్టల్లో ఏరి తెచ్చిన ముక్క మీదే తను అఆలు దిద్దింది. అది గుర్తొచ్చేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. గోడ మీద గీత ఎర్రబడింది. ఇల్లు మెత్తగా మలుపు తీసుకుంది.

"ఎక్కడికి? ఊరు అటుందిగా!"

"మీ మనసు కలత పడిందండీ. కంభం చెరువు గట్టున చల్లగాలి బాగుంటుంది."

సుభాషిణి అరిచింది, తలుపు మీద గుద్దింది. కలతపడ్డ మనిషికి తలుపు తెరవకూడదన్నది భద్రతా నియమం. చివరికి కంపెనీకి ఫోను చేసింది. ప్రభంజన్ అనే కుర్రాడు ఎంతో వినయంగా మాట్లాడాడు.

"మీరు ప్రశాంతంగా ఉండండి మేడమ్. ఇల్లు తిన్నగా వెళ్లిపోతుంది."

"చావుబతుకుల్లో ఉన్న అక్క దగ్గరికి ప్రశాంతంగా ఎలా పోతారయ్యా?"

"అలా ఎవరూ అడగలేదు మేడమ్. తలుపు తెరిచే వీలు మాకు కూడా లేదు. పైవాళ్లకి రాస్తాను."

ఆమె కళ్లు తుడుచుకుని, తనకు తెలిసిన విద్యనే నమ్ముకుంది. పనిలో పడితే లోకం గుర్తుండదు తనకు. "అలమర తలుపులు చప్పుడు చెయ్యవు. పంపులో నీళ్లధార బాగుంది. నేల అరికాళ్లకి వెచ్చగా ఉంది..." గీత పచ్చబడింది. ఇల్లు చెరువు విడిచి మళ్లీ బయల్దేరింది. పలకల గుట్టలు వెనక్కి పోయాయి. కిటికీ వైపు చూడకుండా పరదాల నేత గురించి మాట్లాడుతూనే ఉంది. ఇల్లు ఊళ్లోకి వచ్చింది. అక్క వాళ్ల వీధి మొదట్లో మేదిని చెప్పుల్లేకుండా నిలబడి, చెయ్యూపుతూ ఎదురొచ్చింది. అంతే, మాట తెగిపోయింది. ఇల్లు వీధిలోకి తిరగబోయి ఆగి, మళ్లీ కంభం దారి పట్టింది. పిన్నీ, పిన్నీ అంటూ మేదిని పరిగెత్తడం వెనక అద్దంలో కనిపించింది.

సుభాషిణి నేల మీద కూలబడింది. ఏడిస్తే అక్కకు ఇంకా దూరమవుతుంది. ఏడవకుండా ఉండడం చేతకావడం లేదు. ఇంత నిస్సహాయత ఆమె ఎన్నడూ ఎరగదు.

"ధూపం పెట్టమంటారా అండీ? రేపు ఉదయం దాకా ఏ దిగులూ దగ్గరికి రాదు," అంది ఇల్లు.

అక్కకి రేపు ఉదయం లేదు. సుభాషిణి సరేనని తల ఊపింది.

మల్లెపూల వాసన లాంటిదేదో గదంతా కమ్ముకుంది. గుండెలో ముడి విడిపోయింది. ఇల్లు తిన్నగా వెళ్లి, అక్క గుమ్మం ముందు ఆగి, తలుపు తెరిచింది.

మేదిని వచ్చి వాటేసుకుని భోరుమంది. సుభాషిణి ఆ పిల్ల వీపు నిమిరింది. ఆ జాకెట్టు నేత మెత్తగా ఉందనిపించింది. లోపల మంచం మీద అక్క ఎముకల గూడై ఉంది. సుభాషిణి పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఏడవాలని తెలుసు. ఎంత వెతుక్కున్నా లోపల ఏడుపు దొరకలేదు.

"చిన్నీ, భయమేస్తా ఉందే," అంది అక్క.

"గాలి బాగానే ఆడుతోందక్కా. మంచం కూడా అనువుగా ఉంది," అంది సుభాషిణి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో చిరునవ్వు ఉంది.

అక్క ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత గుమ్మం వైపు తల తిప్పి కూతురిని పిలిచింది.

"మేదినీ, మీ పిన్ని ఇంకా రాలేదా?"