లింబాద్రి పుట్టించిన రూలు

"బావా, లంకల దోమలు గూడ మనదిక్కు లెక్కనే కుడుతయా?" అని రాజమణి అడిగింది.

అడిగింది లింబాద్రిని కాదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఎల్లారెడ్డిలో రాజమణి తండ్రి భూమయ్య ఇంటి అరుగు మీద గంగారాం కూర్చుని ఉన్నాడు. దోమకొండవాడు. కొలంబోలో ఒక సేటు దుకాణంలో గుమస్తా పని చేస్తూ సెలవు మీద వచ్చాడు. నెత్తిన టోపీ, ఒళ్ళో నల్ల గొడుగు. వాన పడుతున్నది అరుగు బయట, గొడుగు మాత్రం ఒళ్ళోనే ఉంది. అది తడవడం ఆయనకు ఇష్టం లేనట్టుంది.

"కుట్టాల్నంటే వాటికి మనుషులు దొరకాలె గదా రాజమణీ. మేం తెరలు కట్టుకొని పండుకుంటం" అన్నాడు గంగారాం.

రాజమణి కిలకిలా నవ్వింది. ఆ మాటలో అంత నవ్వవలసింది ఏముందో లింబాద్రికి ఎంత వెతికినా దొరకలేదు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో "బావా" అన్న పిలుపు తన ఒక్కడిదే. వరసకు తనూ బావే, గంగారామూ బావే కావచ్చు. కాని వరసలు ఉన్నాయి కదా అని అందరికీ పంచిపెట్టాలా?

లింబాద్రి సొంత ఊరు గాంధారి. కామారెడ్డి తాసీలు కచేరీ ముందు చెట్టు కింద కూర్చుని ఉర్దూలో అర్జీలు రాస్తాడు. పది ఊళ్ళ వాళ్ళ కష్టాలు కాగితం మీద పెట్టగలడు గాని, తన మనసులో మాట భూమయ్య ముందు పెట్టలేకపోయాడు. రాజమణి ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు. ఇప్పుడు ఆమె లంకకు పోతున్నది.

"లింబాద్రీ, ఇను" అన్నాడు భూమయ్య, చుట్ట ఆర్పి. "మా పెద్దపిల్ల విమల మొగనితోని కొలంబల ఉన్నది. మొదటి కాన్పు. మొదటి కాన్పంటే పుట్టింటోళ్ళే చెయ్యాలె. దాన్ని తోలుకొద్దామంటే ఈ నెలలల్ల ఓడ ఎక్కొద్దని డాక్టరు చెప్పిండట. పిల్ల పుట్టింటికి రాలేనప్పుడు పుట్టిల్లే పిల్లకాడికి పోవాలె. వీళ్ళమ్మ బతికుంటే పోతుండె. ఇప్పుడు మా అవ్వ, రాజమణి పోతరు. గంగారాం ఎట్లాగు వాపసు పోతుండు, దారి చూపిస్తడు. నాకు మిరుగం కార్తె దున్నకాలున్నయి. ఆ దేశం పోవాల్నంటే పర్మిట్లు, గిర్మిట్లు ఏమేం కావాల్నో నువ్వు అరుసుకొని చెప్పు."

లింబాద్రి తల ఊపాడు. నాలుగు రోజుల రైలు ప్రయాణం అతని కళ్ళ ముందు తిరిగింది. కిటికీ పక్కన రాజమణి, ఎదురుగా టోపీ. ముసలమ్మ రైలెక్కగానే గురక పెడుతుంది, అది ఊరందరికీ తెలుసు.

కామారెడ్డికి తిరిగి వచ్చాక అతను అడగవలసిన వాళ్ళనందరినీ అడిగాడు. రూలు కష్టమైనదేం కాదు. మశూచి టీకా వేయించుకోవాలి. మద్రాసు దాటి సముద్రం ఒడ్డున మండపం అనే చోట క్యాంపులో కొన్నాళ్ళు ఉంచి, ఒంట్లో రోగం లేదని చూస్తారు. ఎవరింటికి పోతున్నారు, ఎన్నాళ్ళుంటారు, తిండి పెట్టేదెవరు అని అడిగి చీటీ ఇస్తారు. అంతే.

అంతే అయితే ఆమె వెళ్ళిపోతుంది. అది తలుచుకుంటే లింబాద్రికి కలం కదలలేదు. బర్రె తప్పిపోయిందని అర్జీ రాయమని పిట్లం రైతు ఒకాయన వస్తే, ఆ బర్రె లంక దిక్కు పోయినట్టు రాసి ఇచ్చాడు. తాసీల్దారు నవ్వాడో తిట్టాడో గాని, రైతు మాత్రం మళ్ళీ ఇటు రాలేదు.

మరుసటి వారం బస్సు దిగి నేరుగా భూమయ్య ఇంటికి పోయాడు. గంగారాం అప్పటికే అరుగు మీద ఉన్నాడు. రాజమణి అతనికి మక్కకంకి కాల్చి ఇస్తున్నది. మంచి లేత కంకి.

"అన్నీ అరుసుకున్న మామా" అన్నాడు లింబాద్రి. "టీకాలు కావాలె, క్యాంపుల ఉండాలె. ఇంకోటున్నది." కంకి వైపు చూశాడు. నోరు దానంతట అదే తెరుచుకుంది. "పెండ్లి గాని ఆడపిల్లకు పర్మిట్ ఇయ్యరు. తండ్రన్న పక్కన ఉండాలె, మొగుడన్న ఉండాలె."

రాజమణి చేతిలో కంకి మాడుతున్నది.

"గట్లనా?" అన్నాడు భూమయ్య. చాలాసేపు ఆలోచించాడు. దున్నకాలు వదలలేడు. పెద్ద కూతురిని వదలలేడు. చివరికి అతని ముఖం తేటపడింది. "అయితే ఆషాఢం రాకముందే దీని లగ్గం చేద్దాం. గంగారాం మనోడే. పొయ్యేది ఆడికే. ఇంకేం కావాలె?"

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని పెద్దలు ఊరికే అనలేదు. కాకపోతే ఇంత తొందరగా పడతారని కూడా చెప్పి ఉండవలసింది.

లింబాద్రి ఆశగా గంగారాం వైపు చూశాడు. ఎన్నోసార్లు పోయి వచ్చిన మనిషి, అటువంటి రూలు లేదని ఆయనకు తెలియదా? తెలుసు. ఆ కళ్ళలో తెలుస్తూనే ఉంది. గంగారాం టోపీ సర్దుకుని, "రూలంటే రూలే మామా. మనం సర్కారు కన్న పెద్దోళ్ళమా?" అన్నాడు.

రాజమణి ఇద్దరి ముఖాలూ చూసి లోపలికి పోయింది.

టీకాలు వేసే కంపౌండరు స్వామిదాసును కామారెడ్డి నుంచి లింబాద్రే తీసుకురావలసి వచ్చింది. పరాయివాడి పెళ్ళికి మేళగాళ్ళను పిలుచుకొస్తున్నట్టు దారి పొడుగునా కుమిలిపోయాడు. భూమయ్య తల్లి దుర్గవ్వకు ముందు పొడిచారు. చిన్ననాడే ఒళ్ళంతా అమ్మవారు పోసి పోయిన ముసలమ్మ, సూది సంగతి పట్టించుకోలేదు. తరవాత రాజమణి చెయ్యి చాపింది. భయపడిందేమో, స్వామిదాసు చెవి దగ్గరకు వంగి ఏదో అడిగింది. ఆయన కూడా గుసగుసగా ఏదో చెప్పాడు. కంపౌండరుకు గంపెడు పిల్లలున్నారని తెలిసి కూడా లింబాద్రికి అతని మీద ఒళ్ళు మండింది.

"నొప్పేం ఉండదు రాజమణీ, నన్ను చూడు" అని గంగారాం అంగీ చెయ్యి పైకి మడిచి తన పాత టీకా మచ్చ చూపించాడు. రాజమణి ఆ మచ్చను వింతగా చూసింది.

"నాకు గూడ పొడువు" అన్నాడు లింబాద్రి, చొక్కా చెయ్యి ఎగదోసి.

"నువ్వెందుకు? నువ్వు పోతలేవు గద" అన్నాడు స్వామిదాసు.

"పోతలేను. అయినా పొడువు."

రాజమణి పమిట అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏమో తెలియలేదు.

నాలుగైదు రోజులకు లింబాద్రి చేతి మీద పొక్కు లేచింది. జ్వరం కూడా తగిలింది. ఆ జ్వరంతోనే, భూమయ్యకు నిజం చెప్పేద్దామని ఎల్లారెడ్డి బస్సు ఎక్కాడు. చెబితే ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కనివ్వరు. చెప్పకపోతే రాజమణి గంగారాం పెళ్ళాం అవుతుంది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ బాధో దారంతా తూకం వేసుకుంటూనే ఉన్నాడు.

ఇంటికి చేరేసరికి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. వాకిట్లో పసుపు నీళ్ళు చల్లి ఉన్నాయి. గంగారాం గొడుగు వేసుకుని వీధిలోనే నిలబడి ఉన్నాడు. ఆ గొడుగు మొదటిసారి తడుస్తున్నది.

"లోపటికి రానిస్తలేరు" అన్నాడు దిగులుగా.

రాజమణి పొక్కును చూసి, ఇంటికి పోచమ్మ తల్లి వచ్చిందని దుర్గవ్వ తీర్మానించేసింది. ఇక తాలింపు బందు, చెప్పులు బందు, పరాయివాళ్ళు బందు. అన్నిటికన్నా ముందు లగ్గం మాట బందు. అది టీకా పొక్కేనని భూమయ్య ఎంత మొత్తుకున్నా ముసలమ్మ వినలేదు.

"సూదితోని రానీ, గాలితోని రానీ, తల్లి తల్లే" అన్నది. గుమ్మంలో నిలబడ్డ లింబాద్రిని కూడా "నువ్వు గూడ నడువు" అనబోయి, అతని చెయ్యి చూసింది. "అయ్యో బిడ్డా. నీకు గూడ వచ్చిందా? ఒంటిమీద తల్లి ఉన్నోడు పొలిమేర దాటొద్దు. ఆ అర్జీల చెట్టుకింద నిన్ను చూసెటోళ్ళెవ్వరు? రా, లోపటికి రా."

గంగారాం గబగబా అంగీ చెయ్యి మడిచి, "అవ్వా, నాకు గూడ ఉన్నది" అన్నాడు.

"నీది ఎన్నడో పోయింది, ఫో" అన్నది దుర్గవ్వ.

అలా లింబాద్రి వసారాలో చాప మీద పడ్డాడు. రాజమణిది లోపలి గది, మధ్య ఒక్క గడప. ఇద్దరికీ చల్లటి పెరుగన్నమే తిండి. జ్వరంలో కూడా అతనికి అంత సుఖం ఎప్పుడూ కలగలేదు. వాన చూరు మీది నుంచి కారుతుంటే, బయట ఆ గొడుగు వచ్చి నిలబడి, మళ్ళీ పోవడం పడుకునే చూసేవాడు.

ముసలమ్మ కునుకు తీసిన మధ్యాహ్నం రాజమణి గడప మీద కూర్చుంది.

"అవ్వకు చెయ్యి చూపించింది నేనే" అన్నది. "'ఏందో చూడవ్వా, తల్లి లెక్కున్నది' అన్న. లేకుంటే ఈపాటికి పసుపు దంచుతుండిరి."

లింబాద్రి లేచి కూర్చున్నాడు.

"ఆ రూలు నువ్వే పుట్టించినవ్ గదా బావా? స్వామిదాసునడిగిన. గసొంటిది లేనే లేదన్నడు."

"పుట్టించిన."

"ఎందుకు?"

"ఓర్వలేకపోయిన" అన్నాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "నువ్వు ఆయనను బావా అంటే ఓర్వలేకపోయిన. కంకి కాల్చి ఇస్తే ఓర్వలేకపోయిన. నువ్వంటే నాకు పానం. రెండేండ్ల సంది చెప్పాల్నని చెప్పలేకపోయిన."

రాజమణి ముఖం ఎర్రబడింది. కాని ఆమె నవ్వలేదు.

"మా అక్క దగ్గర ఒక్క ఆడమనిషి లేదు. భాష రాని దేశం, మొదటి కాన్పు. నన్ను ఆపితే దాని గతి ఏంగావాలె? అది యాదికి రాలేదా నీకు?"

రాలేదు. నిజంగానే రాలేదు. ఇన్నాళ్ళూ టోపీ, గొడుగు, కంకి తప్ప అతనికి ఏదీ కనిపించలేదు. లింబాద్రి సిగ్గుతో తల వంచుకున్నాడు.

"మా బాపుకు నువ్వే చెప్పు" అని రాజమణి లేచి లోపలికి పోయింది.

పొక్కులు మానాక తల్లిని సాగనంపిన రోజున, పోచమ్మకు బోనం పెట్టి వచ్చి అందరూ అరుగు మీద కూర్చున్నారు. గంగారాం కూడా వచ్చాడు. లింబాద్రి నిలబడి, ఎక్కడా తడబడకుండా అంతా చెప్పేశాడు. ఎందుకు చేశాడో కూడా చెప్పాడు.

భూమయ్య కళ్ళెర్రజేశాడు. "నీ అసూయకు నా బిడ్డ లగ్గం ఆట అయ్యిందిరా?" అని, గంగారాం వైపు తిరిగాడు. "ఇన్నిసార్లు పోయొచ్చినవ్. నీకు గూడ తెల్వదా?"

"నన్నెవ్వరు అడగలే మామా" అన్నాడు గంగారాం, గొడుగు పిడి చూసుకుంటూ.

"ఒకాయన అబద్ధం చెప్పిండు, ఒకాయన నిజం దాచిండు" అన్నది రాజమణి తలుపు చాటు నుంచి. "అబద్ధం చెప్పినాయన ఒప్పుకున్నడు. దాచినాయన ఇంక దాస్తనే ఉన్నడు."

దుర్గవ్వ పకపకా నవ్వింది. భూమయ్య మాత్రం నవ్వలేదు.

"సరే. రూలే లేనప్పుడు లగ్గం ఎందుకు? రాజమణీ, అవ్వ, నువ్వు పోయిరండ్రి. లింబాద్రీ, నువ్వు ఇగ మా ఇంటికి రాకు."

లింబాద్రి చెప్పుల కోసం వంగాడు. కళ్ళ నిండా నీళ్ళు నిండి చెప్పులు కనిపించలేదు.

"బాపూ" అన్నది రాజమణి. ఈసారి తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. "ఆ రూలు మంచిగనే ఉన్నది. ఉండనియ్యి."

భూమయ్యకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. దుర్గవ్వకు అసలు సేపే పట్టలేదు. "లింబాద్రి చేతికి టీకా గూడ ఉన్నదిరా. తల్లి ముందే చూపించింది. లగ్గం పెట్టు" అన్నది.

భూమయ్య కూతురి ముఖం చూశాడు. చుట్ట ముట్టించి ఆర్పి, మళ్ళీ ముట్టించాడు. "పుట్టించినోడే పాటించాలె మరి" అన్నాడు చివరికి. "చెప్పులు విడువు. అన్నం తిందువు రా."

ఆషాఢం పడకముందే లగ్గమైంది. వారం తిరక్కుండా కామారెడ్డి స్టేషన్‌లో భూమయ్య తప్ప అందరూ రైలెక్కారు. దారి తెలిసినవాడు గంగారాం ఒక్కడే కాబట్టి ఆయన రాక తప్పలేదు. పాపం, మనిషి పగ పట్టలేదు. ముసలమ్మకు కూచోడానికి తానే చోటు చేసి పెట్టాడు. రైలు కదలగానే ఆమె గురక మొదలైంది.

రాజమణి కిటికీ పక్కన కూర్చుని అమాయకంగా అన్నది. "బావా, మండపం క్యాంపుల కొత్తగ పెండ్లైనోళ్ళను ఒక్కతాన ఉండనియ్యరట. మొగోళ్ళందరు ఒక షెడ్డుల, ఆడోళ్ళు ఒక షెడ్డుల. నువ్వు, గంగారాం బావ ఒక్కకాడ ఉంటరు. అన్ని దినాలు ముచ్చట వెట్టుకోండ్రి."

లింబాద్రి గబుక్కున గంగారాం వైపు చూశాడు. గంగారాం టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. ఈసారి కూడా ఏమీ చెప్పలేదు.

సికింద్రాబాద్ వచ్చేదాకా లింబాద్రి ఉలకలేదు, పలకలేదు. స్టేషన్‌లో చాయ్ తాగమంటే తాగలేదు. ఇక ఉండబట్టలేక అడిగాడు.

"ఆ రూలు నీకెవ్వరు చెప్పిండ్రు?"

"ఎవ్వరు చెప్పలే" అన్నది రాజమణి, చాయ్ ముంత అతని చేతిలో పెడుతూ. "నేను పుట్టించిన."