పన్ను సంగతి సరే, మీ సంగతేమిటి?

"విదేశంలో సంపాదించినదానికి కూడా ఇకమీదట మన దేశంలో పన్ను కట్టాలి. ఈ మార్పు మీకెలా అనిపిస్తోంది?" అడిగింది సర్వే అమ్మాయి.

"ఒళ్ళు మండుతోంది. మరి మీకు?" అన్నాడు కళ్ళజోళ్ళ షాపతను.

"మా అభిప్రాయం చెప్పకూడదండీ. రూలు."

"మీరూ మన దేశం మనిషేగా. మీకు మండదా?"

"మండినా చెప్పకూడదు."

అంతే, అతనికి నిద్ర కరువైంది. పరాయి దేశం వచ్చి అన్నావదినలతో కలిసి షాపు నడుపుకుంటున్న బుద్ధిమంతుడు, ఎవరి గొడవా పట్టనివాడు. అలాంటివాడికి ఆ పిల్ల మనసులో ఏముందో తెలుసుకోవాలని ఒకటే ఆరాటం. కొత్త పన్ను మాట విన్నప్పటి నుంచి తెలిసినవాళ్ళు చాలామంది, రెండు చోట్లా పన్ను కట్టేకన్నా ఇంటికి పోవడమే నయమని పెట్టేబేడా సర్దుకుంటున్నారు. ఈమె కూడా సర్దుకుంటోందేమోనని భయం.

అందుకే జవాబులు సాగదీశాడు. రెండు ప్రశ్నలు కాగానే, "కస్టమర్లు వచ్చారు, రేపు రండి" అనేవాడు. షాపులో ఈగ కూడా ఉండేది కాదు. ఆ సంగతి ఆమెకూ కనిపిస్తూనే ఉంది, అయినా వచ్చేది.

ఒకరోజు వానలో తడిసి వచ్చింది. ఆమె కళ్ళజోడు తుడిచిస్తానని తీసుకుని, ఇవ్వకుండా నిలబడ్డాడు.

"వెళ్ళిపోతున్నారా, ఉంటారా? చెబితేనే ఇస్తాను."

"జవాబిచ్చేవాళ్ళతో సొంత విషయాలు మాట్లాడకూడదండీ. ఇవ్వండి, మీరు మసగ్గా కనిపిస్తున్నారు."

"మసగ్గా ఉంటేనే నేను బాగుంటానని మా వదిన అంటుంది."

ఆమె నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. అతను కళ్ళజోడు ఇచ్చేశాడు.

చివరికి ఒక్క ప్రశ్న మిగిలింది. "ఈ పన్ను వల్ల మీరు తిరిగి వెళ్ళిపోతారా?"

అతను ఆమె చేతిలోని కాగితాలు చూపించాడు. "నా జవాబులన్నీ కొట్టేయండి. నేనిక మీ సర్వేలో లేను. ఇప్పుడు చెప్పండి, మీరు వెళ్ళిపోతున్నారా?"

"ఒక మనిషి తగ్గితే మా మేనేజరు ఊరుకోడు."

"నన్ను రాసుకోమ్మా," అంది లోపల అద్దాలు అరగదీస్తున్న వదిన. "ముందు అతనికి జవాబు చెప్పు. మా మరిది గోల పడలేకపోతున్నాం."

ఆమె పెన్ను మూసింది. "మనల్ని ఒక్క మాటైనా అడక్కుండా రూలు మార్చారని కోపం వచ్చింది. మనల్ని ఇంకా తమవాళ్ళే అనుకుంటున్నారు కాబట్టి పన్ను అడుగుతున్నారేమోనని కాస్త ముచ్చటా వేసింది. వెళ్ళిపోదామనే అనుకున్నాను. టికెట్టు కూడా చూశాను."

"కొన్నారా?" అన్నాడతను.

"లేదు. రోజూ ఇక్కడికి రావాలిగా. మీరంటే ఇష్టమని తెలిశాక ఎలా కొనను?"

వదినే అందుకుంది. "పన్నుల గొడవ మీ బావగారు చూసుకుంటారు. నువ్వు లోపలికి రామ్మా."

"వస్తున్నానక్కా," అంది సర్వే అమ్మాయి.