కల్ అంటే ఎప్పుడు?

హథ్‌ఖోజ్ కంపెనీ చేజారిపోయింది గురువారం నాడు. పొద్దున్న పదకొండింటికి మెయిల్ వచ్చింది: ఇకమీదట మీ గేట్‌పాస్ సాఫ్ట్‌వేర్ వాడము, తప్పు చేసిన మనిషి పేరు సాయంత్రంలోగా పంపండి.

చుట్టూ హిందీయే వినిపించే కోహ్కాలో, హార్డ్‌వేర్ షాపు పైన, నలుగురే మనుషులున్న ఆఫీసు అది. యజమాని భుజంగరావు ఆ మెయిల్ ప్రింటు తీసుకుని ఇంద్రజ టేబుల్ దగ్గరికొచ్చాడు.

"పేరేటో నాకు తెలుసు. నువ్వు రాసిచ్చీ, చాలు. పేరు పంపితే మళ్లీ వస్తారేమో. శశిధర్ని మానిపించీడమే."

"రాయను సర్. మూడింటికి రెట్రో ఉంది. ముందు అది జరగనీండి."

రెట్రో అంటే రెండు వారాలకొకసారి అందరూ కూర్చుని, ఏది బాగా నడిచింది, ఏది చెడింది అని మాట్లాడుకునే గంట. దాన్ని నడపడం ఇంద్రజ పని. ఒకసారి రైలు ప్రయాణంలా, ఒకసారి పెళ్లి భోజనంలా, ప్రతిసారీ ఏదో ఒక ఆటలా నడిపేది. ఆ గంటలో ఎవరినీ వేలెత్తి చూపకూడదన్నది ఆమె పెట్టిన నియమం.

"ఇవాళ కూడా ఆటలేనా?"

"ఇవాళే ఆట, సర్."

శశిధర్ ఇక్కడే పుట్టి పెరిగినవాడు. హిందీలో ఆలోచించి తెలుగులో మాట్లాడతాడు. బుధవారం కంపెనీ నుంచి అతని ఫోనుకి ఒక ముక్క వచ్చింది: 'కల్ కా గేట్‌పాస్ కాన్సిల్.' హిందీలో నిన్నా కల్లే, రేపూ కల్లే. వాళ్లు రేపటివి రద్దు చెయ్యమన్నారు. అతను నిన్నటివి రద్దు చేశాడు. అంతకుముందు రోజు లోపలికెళ్లిన ఇరవై రెండు లారీలు గేటు దాటి బయటికి రాలేక ఆరు గంటలు వానలో నిలబడిపోయాయి.

భుజంగరావు అటు వెళ్లగానే శశిధర్ వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"నా పేరు రాసీ ఇంద్రజా. సర్‌తో నువ్వెందుకు పంగా తీసుకుంటావ్, గొడవెందుకు?"

"నా ఇష్టం."

"నా మీద జాలా?"

"కోపం. ఏ కల్ అని ఒక్క మాట అడగొచ్చు కదా."

"అడిగితే నాకు హిందీ రాదనుకోరూ?"

"నీకు రానిది తెలుగు."

అతను నవ్వబోయి సగంలో ఆపుకున్నాడు. ఆ మిగతా సగం కోసం ఇంద్రజ రెండేళ్లుగా ఎదురుచూస్తోంది. ఆ సంగతి అతనికి తెలియనివ్వకుండా కిటికీలోంచి వానని చూసింది.

మూడింటికి బోర్డు మీద రెండు గళ్లు గీసింది. ఒకదాని పైన 'నిన్న', రెండోదాని పైన 'రేపు'.

"ఒక్కొక్కరూ కల్‌తో ఒక ముక్క రాయాలి. క్రియ ఉండకూడదు. అది నిన్నో రేపో మిగతావాళ్లు చెప్పాలి. తప్పు చెప్పినవాళ్లు సమోసాలు తేవాలి."

జట్టులో చిన్నది మేఘన. మొదటి చీటీ ఆమెదే, పిన్నింట్లో పూజ అని: 'కల్ మాసీ కే ఘర్ పూజా.'

చేతులు కట్టుకుని కూర్చున్న భుజంగరావు ఊరుకోలేకపోయాడు. "రేపు. శుక్రవారం కదా."

"నిన్న సర్. పొద్దున్న మీరు తిన్న ప్రసాదం అక్కడిదే."

ఇంద్రజ చీటీ: 'కల్ పానీ బంద్.'

"ఇది మాత్రం నిన్నే. బకెట్లు మోసింది నేనే కదా."

"రేపు కూడా నీళ్లు రావట సర్. మా వీధిలో ఇవాళే నోటీసు అంటించేరు. నేను రాసింది రేపటి సంగతి."

భుజంగరావు కట్టుకున్న చేతులు విప్పేశాడు.

"నలభై ఏళ్లుగా ఇక్కడున్న మీరే రెండుసార్లు తప్పేరు," అంది ఇంద్రజ. "మీ చేతిలో లారీల్లేవు కాబట్టి సమోసాలతో పోయింది."

శశిధర్ చాలాసేపు రాశాడు. చీటీ మేఘన లాక్కుని చదివింది: 'కల్ ఇంద్రజ కే సాథ్ చాయ్.'

"భయ్యా, ఇది నిన్నా, రేపా?"

అతను పెన్ను మూత తిప్పుతూ కూర్చున్నాడు. ఇంద్రజ చెవులు వేడెక్కాయి.

"నిన్న నేనెవరితోనూ టీ తాగలేదు."

"మతలబ్?" అన్నాడు శశిధర్, చిన్నగా.

ఆమె చీటీ తీసుకెళ్లి 'రేపు' గడిలో అంటించింది. ఊడిపోకుండా రెండుసార్లు నొక్కింది. ఈసారి అతని నవ్వు సగంలో ఆగలేదు.

భుజంగరావు గొంతు సవరించుకున్నాడు. "బాగుంది. మరి పేరు?"

"కావాలంటే నలుగురివీ రాద్దాం సర్. రద్దుకి తేదీ అడగని గేట్‌పాస్ ఫారం మూడేళ్లు నడిపింది మనమందరం. ఒక్కడి పేరు మాత్రం నా చేత్తో రాయను. దానికి నా ఉద్యోగం పోతుందంటే పోనీండి."

"బెదిరిస్తున్నావేటి?"

"లేదు సర్. చెప్తున్నాను."

ఆయన బోర్డు వైపు చూశాడు. "నాకు హిందీ రాదని మెయిల్లో రాయకు."

"మీకు వచ్చు సర్. అందుకే తప్పేరు."

"సరే, పంపీ," అని లేచి, సమోసాలకి గొడుగు తీసుకున్నాడు.

తప్పు ఒక మాటలో ఉందని, ఇకనుంచి తేదీ లేకుండా ఏ పాసూ రద్దు కాదని, పేరు ఇవ్వబోమని మెయిల్ రాసి, ఐదింటికి పావుగంట ముందు ఇంద్రజ పంపేసింది.

మెట్ల మీద శశిధర్ ఆగాడు. "నిజంగా రేపేనా?"

"తేదీ వేసి చెప్పు."

"పదిహేడు, శుక్రవారం, నాలుగున్నరకి. షాపు ఎదురుగా బండి దగ్గర."

"ఆలస్యంగా రాకు," అని ఆమె వానలోకి దిగింది.

ఆ రాత్రి దాకా కంపెనీ నుంచి జవాబు రాలేదు. గేట్‌పాస్ ఫారంలో తేదీ గడి ఇంకా పెట్టలేదు.