లేనూరి చర్చ పుట

లేనూరు ఏ పటంలోనూ కనబడదు. గుత్తిలో రైలు దిగి అడిగినా, బత్తలపల్లెలో బస్సు దిగి అడిగినా దారి చెప్పేవాళ్ళు దొరకరు. ఆ ఊరు ఇంటర్నెట్టులో ఉంది. జీతం భత్యం లేకుండా, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, కొందరు మనుషులు నాలుగేళ్ళుగా పుట తర్వాత పుట రాసుకుంటూ కట్టిన ఊరది. ఎండిపోయిన బావులకు పుటలున్నాయి. ఓడిపోయిన సర్పంచికి పుట ఉంది. టీ కొట్టు ముందు పడుకునే కుక్కకు కూడా రెండు పేరాల పుట ఉంది. ఆ కుక్క గురించి జరిగినంత గొడవ సర్పంచి గురించి కూడా జరగలేదు.

నియమం ఒక్కటే. లేనూరులో ఉన్నదంతా కల్పనే అయి ఉండాలి. నిజంగా బతికిన మనిషిని గానీ, నిజంగా జరిగిందని పెద్దవాళ్ళు చెప్పుకునే సంగతిని గానీ తెచ్చి అందులో పెట్టకూడదు. ఎవరికైనా అనుమానం వస్తే ఆ పుట మీద చర్చ పెడతారు. ఉంచాలని కొందరు, తీసేయాలని కొందరు ఏడు రోజులు వాదించుకుంటారు. ఏడో రోజు సాయంత్రం తేల్చి చెప్పేది రెబెకా.

రెబెకా అనంతపురంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ముప్పై ఆరేళ్ళు. బుక్కరాయసముద్రంలో చెరువు కట్టకు దూరంగా, చివరి వరసలో రెండు గదుల అద్దె ఇల్లు. ఆ వరసలో నాలుగిళ్ళుంటే మూడింటికి తాళాలే. వాన లేదు, పని లేదు, అందరూ బెంగుళూరుకు పోయారు. ల్యాబు నుంచి వచ్చి వంట చేసుకుని తిని, లేనూరులో కూర్చుంటే ఆమెకు పొద్దు తెలిసేది కాదు. పుటల విషయంలో మహా గట్టి మనిషి. ఎంత బాగా రాసినా, అందులో నిజం వాసన తగిలితే మొహమాటం లేకుండా తీసేసేది.

అలాంటి మనిషి తానే ఒక అబద్ధం ఆడింది. అదీ చెప్పాలి.

మొదటి ఏడాది, వాళ్ళమ్మ పోయిన ఎనిమిదో నెలలో, గుత్తిలో గుడ్డల అంగడి నడిపే కన్యకమ్మ, లేనూరు రాసేవాళ్ళ గ్రూపులో అడిగింది, ఇంట్లో ఎవరెవరుంటారమ్మా అని. ఎవరూ లేరని రాయడానికి రెబెకా వేళ్ళు ఒప్పుకోలేదు. "నేనూ, మా చెల్లెలు లిజ్జీ" అని రాసింది. ఒక్కసారి రాశాక వెనక్కి తీసుకోవడం ఎట్లా? లిజ్జీ పెరుగుతూ వచ్చింది. లిజ్జీకి వంకాయ పడదు. లిజ్జీ డిగ్రీ రెండో ఏడాదిలో తప్పింది. లిజ్జీకి కోపమొస్తే అన్నం మానేస్తుంది. కన్యకమ్మ ముచ్చటపడి లిజ్జీ కోసం బస్సులో చుడీదారు గుడ్డ పంపితే, రెబెకా కుట్టించి తానే వేసుకుంది, లిజ్జీకి చాలా నచ్చిందని రాసింది. ఆ రాత్రి సిగ్గుతో చాలాసేపు ఏడ్చింది. అయినా ఆ అబద్ధం లేకపోతే ఆమెను ఏం చేస్తున్నావని అడిగే మనిషే ఉండడు. అందుకని వదులుకోలేకపోయింది.

మే నెల మొదట్లో శశికుమార్ అనే కుర్రాడు కొత్త పుట పెట్టాడు. చిన్న పుటే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఒక ఆడమనిషి వస్తుంది. గడప ముందు ఖాళీ బిందె పెడుతుంది. నీళ్ళు అడుగుతుంది. తర్వాత ఇంట్లో ఇంకెవరున్నారని అడుగుతుంది. ఎవరూ లేరంటే లోపలికి వచ్చేస్తుంది. ఉన్నారంటే, పిలవమంటుంది. అంతే రాసి వదిలేశాడు.

కన్యకమ్మ వెంటనే చర్చ పెట్టింది. ఇది కల్పన కాదు, మా అత్తగారి ఊళ్ళో కరువు ఏడాది ఇట్లాంటిదే జరిగిందని చెప్పుకునేవాళ్ళు, తీసేయండి అని. శశికుమార్ ఒట్టు పెట్టుకున్నాడు, బస్సులో కిటికీ పక్కన కూర్చుని తానే అల్లుకున్నానని. బత్తలపల్లెలో సెల్‌ఫోన్లు బాగుచేసే గిరి వాడి పక్షం చేరాడు. ఆరు రోజులు ఎడతెగని వాదన. శనివారం నాడు రెబెకా తనకు అలవాటైన పద్ధతిలో ఒక మాట రాసింది.

"ఈమెను చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే రేపు సాయంత్రం ఆరులోగా ఇక్కడ రాయండి. ఎవరూ చూడకపోతే ఇది కల్పనే. ఉంచుదాం."

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి పదకొండు దాటింది. కరెంటు లేదు. రెబెకా కిటికీలకు తడి దుప్పట్లు కట్టి, వీధి తలుపు గాలికోసం ఓరగా వేసి, బ్యాటరీ మీద నడిచే ల్యాపుటాపును ఫోను నెట్టుకు కలిపి ముందు కూర్చుంది. ముందుగదిలో మసక. బయట ఎండ తెల్లగా, పేలిపోయేట్టు ఉంది. కాకి అరవడం లేదు. రోడ్డు మీద ఆటో చప్పుడు కూడా లేదు. చర్చ పుటలో కొత్తగా ఎవరూ ఏమీ రాయలేదు. ఇంక ఉంచేద్దామనుకుంది.

అప్పుడు వాసన వచ్చింది. తడిసిన మట్టి వాసన. ఏడు నెలలుగా చుక్క పడని నేల నుంచి, ఇప్పుడే జల్లు కురిసి వెలిసినట్టు చల్లగా వచ్చింది. దుప్పట్ల తడి అయి ఉంటుందని ఆమె సరిపెట్టుకుంది.

బయట గడప ముందు పరిచిన కడప బండ మీద ఖంగుమని చప్పుడైంది. ఖాళీ బిందె చప్పుడు.

"అమ్మా... రవ్వన్ని నీళ్ళు పొయ్యమ్మా."

రెబెకా నవ్వుకుంది కూడా. ఉపాధి పనికి పోయొచ్చే కూలామె ఎవరో అయి ఉంటుంది, అంత చదివి ఇంత పిరికిదాన్నా అనుకుంటూ డ్రమ్ములో చెంబు ముంచుకుని తలుపు తీసింది. గడప అవతల ఆడమనిషి. కొంగు తల మీదుగా ముందుకు లాక్కుని ఉంది. వెనక ఎండ మండిపోతుంటే మొహం కంటికి ఆనలేదు. రెబెకా వంగి బిందెలో నీళ్ళు పోసింది. మళ్ళీ వచ్చి ఇంకో చెంబు. ఇంకో చెంబు.

మూడో చెంబు పోస్తుండగా తెలిసింది. నీళ్ళు పడుతున్న చప్పుడు లేదు. బిందెలోకి పోతున్నాయి... అడుగు తగలడం లేదు.

"ఇంట్లో ఇంకెవురుండారు?"

శశికుమార్ ఎవరినో పంపి ఆట పట్టిస్తున్నాడేమో అనుకోబోయింది రెబెకా. కానీ ఈ ఇల్లు ఎక్కడో వాళ్ళలో ఎవరికీ తెలియదు. బస్సు పార్సిలు కూడా ఆమె అనంతపురం బస్టాండుకు పోయి తెచ్చుకున్నదే. తలుపు మూయాలంటే చెయ్యి లేవడం లేదు. ఆ మనిషి కాలి వేళ్ళు గడప మీదికి వచ్చాయి. నిదానంగా. పగిలిన వేళ్ళు, వాటి సందుల్లో తడి బురద.

"మా చెల్లెలుండాది," అంది రెబెకా.

నాలుగేళ్ళుగా రాసి రాసి అలవాటైన మాట అది. నోటితో అనడం ఇదే మొదలు.

"పిలువు."

పుటలో రాసింది అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత ఏమవుతుందో శశికుమార్ రాయలేదు, వీళ్ళెవరూ అడగలేదు. చెంబు చేతిలోంచి జారి బండ మీద దొర్లింది. పిలిస్తే ఎవరు పలుకుతారు? పిలవకపోతే...

"లిజ్జీ," అంది. మళ్ళీ అంది. "లిజ్జీ..."

ఏమీ లేదు. కాలు గడప దాటింది. మట్టి వాసన ముక్కులు నింపేసింది. రెబెకా కళ్ళు మూసుకుంది. అమ్మను తలుచుకుంది.

లోపలి గదిలోంచి, నిద్రలో నుంచి లేచినట్టు మత్తుగా...

"వస్తాండా అక్కా."

కళ్ళు తెరిచేసరికి గడప ముందు ఎవరూ లేరు. బండ మీద బిందె ఆనిన చోట గుండ్రంగా తడి. చూస్తుండగానే అది ఆరిపోయింది. ఎండ, తాళాలేసిన ఇళ్ళు, మళ్ళీ అంతా మామూలే.

రెబెకా గడప దగ్గరే నిలబడిపోయింది. బయటికి పోతే ఆ మనిషి. లోపలికి పోతే... లోపలి గదికి తలుపు లేదు, కర్టెన్ మాత్రమే ఉంది. గాలి లేదు కాబట్టి అది కదలడం లేదు. పక్కనే బల్ల మీద ల్యాపుటాపు వెలుగుతోంది. కర్టెన్ మీద నుంచి చూపు తిప్పకుండా చెయ్యి చాచి దాన్ని దగ్గరికి లాక్కుంది. ఆ సమయంలో కూడా ఆమె మొదట చేసింది తన పనే. చర్చ పుటలో రాసింది.

"చూశాను. ఇప్పుడే మా ఇంటికి వచ్చింది. నిజం. ఈ పుట లేనూరులో ఉండకూడదు."

కన్యకమ్మ నిమిషంలో జవాబు రాసింది. దేవుడా, ఎట్లా బయటపడ్డావమ్మా, ఇంట్లో ఎవరున్నారని అడగలేదా అని. రెబెకా వేళ్ళు వాటంతటవే రాసేశాయి, చెల్లెలు పలికింది అని. నీకు తోడుగా ఒక మనిషి ఉండబట్టి బతికావు తల్లీ, ఆ పిల్లకు దిష్టి తీయి అని రాసింది పెద్దామె. కింద గిరి, శశికుమార్ ఒకరి తర్వాత ఒకరు "తీసేయాలి" అని పెట్టారు. అందరూ ఒక్కమాటగా ఒప్పుకున్న మొదటి చర్చ అదే. అబద్ధమైతే ఉంచుతారు, నిజమైతే తీసేస్తారు. మరి లోపలి గదిలో పలికినదాన్ని ఎక్కడ పెట్టాలి?

ఇంక దాచి లాభం లేదనుకుంది. బత్తలపల్లె నుంచి బైకు మీద వస్తే గిరి ముప్పావుగంటలో ఇక్కడుంటాడు. ఒక్క నిజమైన మనిషి వస్తే చాలు. నాలుగేళ్ళ పరువు పోతే పోనీ. ఫోను తీసి మొట్టమొదటిసారి అతనికి కలిపింది.

"గిరీ," అంది గుసగుసగా. "నేను రెబెకాని. మా ఇంటికి, బుక్కరాయసముద్రానికి రాగలవా? అర్జెంటుగా రా."

"ఏమైందక్కా? ఆ యమ్మ మళ్ళీ వచ్చినాదా?"

"కాదు. గిరీ... నాకు చెల్లెలు లేదు. అబద్ధం చెప్పినా. ఇన్నేండ్లూ నేను ఒక్కదాన్నే ఉండా ఇంట్లో. ఇప్పుడు ఎవరో ఉండారు."

గిరి గొంతు మెత్తబడింది. జ్వరమొచ్చినవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"అక్కా, ఎండదెబ్బ తగిలినట్టుండాది నీకు. రవ్వంత మజ్జిగ తాగి పండుకో. లిజ్జీ ఉండాది కదా, ఆ పాప చూసుకుంటాది."

"లిజ్జీ లేదు గిరీ. నేను రాసుకున్నా."

"ఏం మాటలక్కా ఇవి? నాకు ఆదివారం ఆదివారం ఫోను చేస్తాది ఆ పాప, రెండేండ్ల నుంచి. నువ్వు ఫోను ఇంట్లో పెట్టి చర్చికి పోతావంట కదా, అప్పుడు దాన్నుంచే చేస్తాది. ఈ పొద్దు కూడా చేసినాది."

చర్చికి పోయేటప్పుడు ఫోను ఇంట్లోనే పెట్టి పోతుందన్నది నిజమే. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. రెబెకా తలుపు పట్టుకుని అలాగే గడప మీద కూలబడింది.

"ఏం మాట్లాడుతుంది?" అని అడిగింది.

గిరి గొంతు తగ్గించాడు.

"చెప్పొద్దన్నాది గానీ చెప్తాండా. ఏడుస్తాదక్కా. మా అక్క అందరికీ నా గురించి చెప్తాది, నాతో మాత్రం ఒక్క మాట మాట్లాడదు, నాలుగేండ్లయింది ఒక్కసారన్నా పేరు పెట్టి పిలవలేదు అని. మీ ఇంటి సంగతి నాకెందుకులే అని ఊరకున్నా. పోయి ఆ పాపతో మాట్లాడక్కా." అని పెట్టేశాడు.

రెబెకా ఫోను చెవి దగ్గరే ఉంచుకుంది. దాన్ని దించితే లోపలి చప్పుడు వినబడుతుంది. అయినా వినబడింది. మంచం కిర్రుమంది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు... ఏడుపు ఆపుకుంటున్నట్టు. తర్వాత అడుగులు. ఒకటి... రెండు... కర్టెన్ వెనకాల వచ్చి ఆగాయి.

ఈ ఇంట్లో తనతో ఇంకొకరు ఉండాలని ఎన్ని రాత్రులు కోరుకుందో ఆమెకు ఆ క్షణంలోనే గుర్తు రావాలా? అంత భయంలో కూడా ఆమెకు జాలి వేసింది. జాలి పడినందుకు ఇంకా భయం వేసింది.

"అక్కా," అంది ఆ గొంతు. "ఇంకొక్కసారి పిలువు."

కర్టెన్ అంచును అవతలి నుంచి వేళ్ళు పట్టుకున్నాయి. పొడుగాటి వేళ్ళు, ఈడొచ్చిన ఆడపిల్లవి. పట్టుకున్న చోటు మాత్రం, నడిచొచ్చి నిలబడ్డ మనిషి చెయ్యి ఉండే ఎత్తులో కాదు, నేలకు మూరెడు ఎత్తులో ఉంది.