గరగరలాడే బ్రేకు

హరిబాబు అంటే కుసుమకుమారికి మొదటినుంచీ చులకనే. చీపురుపల్లిలోని ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆమె ఫిజిక్స్ చెబుతుంది, అతను తెలుగు చెబుతాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, స్టీరింగ్ ముట్టని చేతులు, అడగకపోయినా అన్నిటిమీదా ఓ అభిప్రాయం. ఆమదాలవలస నుంచి తన పాత కారులో వెళ్తూ దారిలో పొందూరులో అతన్ని ఎక్కించుకోవడం, ప్రిన్సిపాల్ మొహమాటపెట్టి ఆమెకి అంటగట్టిన పని.

వానలు మొదలైన కొత్తలో ఓ పొద్దున అతను చెవి రిక్కించాడు.

"మేడం, బ్రేకు తొక్కినప్పుడల్లా ఎడం చక్రంలో ఏదో గరగరమంటన్నాది. ప్యాడ్లు అరిగిపోనాయేమో."

"సంధులూ సమాసాలూ సెప్పుకునేవారికి ప్యాడ్ల సంగతి ఏటి తెలుస్తాదండి?"

"చెవులున్నాయి కదండీ" అన్నాడతను నెమ్మదిగా.

ఆ నెమ్మదితనం చూస్తేనే ఆమెకి ఒళ్ళు మంట. కారు పక్కకి ఆపి, వానలోనే దిగి, చక్రం సందుల్లోంచి తొంగిచూసి, ప్యాడ్ ఇంకా మందంగానే ఉందని అతనికీ చూపించింది. రాత్రి వానకి, చక్రంతోపాటు తిరిగే బ్రేకు డిస్కు మీద తుప్పు పట్టిందనీ, నాలుగుసార్లు బ్రేకు తొక్కితే అదే పోతుందనీ, ఘర్షణ అంటే ఏమిటో మొదటి పాఠం నుంచి చెప్పుకొచ్చింది. అతను బుద్ధిమంతుడిలా విన్నాడు. మర్నాడు మళ్ళీ అదే మాట అన్నాడు.

ఆమె స్టాఫ్ రూంలో ఆ కబురు చెప్పి అందరినీ నవ్వించింది. అతనూ నవ్వాడు. నిజానికి ఆమె చిన్నప్పటినుంచీ తండ్రికి స్పానర్లు అందిస్తూ పెరిగిన పిల్ల. ఆ మాట ఇంకెవరన్నా అనివుంటే ఎప్పుడో చక్రం విప్పేసేది. పంతులుగారు అన్నాడు కాబట్టే విప్పలేదు.

శబ్దం పెరిగింది. మెకానిక్‌కి చూపిద్దామని అతను మరోసారి అంటే, భయమైతే పాసింజర్ రైల్లో రావచ్చని ఆమె తేల్చేసింది. మర్నాడు పొద్దున అతను యథాప్రకారం గొడుగేసుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఊరికే వచ్చే కారు వదులుకోలేని రకం, అనుకుంది కుసుమ.

ఆ శనివారం సాయంత్రం తిరిగి వస్తూంటే, పొందూరు ముందున్న రైల్వే గేటు పడుతోంది. ముందు ఓ ఆటో, దాని నిండా ఆడవాళ్ళు. కుసుమ బ్రేకు తొక్కింది. ఇనుము మీద ఇనుము గీసినట్టు చప్పుడైంది. కారు ఓ పక్కకి లాగేస్తూ జారిపోతోంది. హ్యాండ్ బ్రేకు కూడా లాగింది. ఆటోకి బెత్తెడు దూరంలో కారు ఆగింది.

ఆటోలోంచి వినవచ్చిన తిట్లు ఆమె చెవికెక్కలేదు. హరిబాబు చెయ్యి ఆమెకి అడ్డంగా చాచి ఉంది. తన ముందున్న డాష్‌బోర్డు పట్టుకోవాల్సినవాడు, అద్దానికి ఆమె తల ఎక్కడ కొట్టుకుంటుందోనని అడ్డం పెట్టాడు.

"చెయ్యి తియ్యండి" అంది కుసుమ. గొంతు అనుకున్నంత కటువుగా రాలేదు.

పొందూరు వచ్చినా అతను దిగలేదు. కారు చిన్న గేరులో నత్తలా ఆమె ఇల్లు చేరేదాకా పక్కనే కూర్చుని, ఆమదాలవలస స్టేషన్‌కి నడిచి వెళ్ళి, రైల్లో వెనక్కి పోయాడు.

ఆదివారం పొద్దున్నే, పిలవకుండానే, అదే తెల్లచొక్కాతో దిగాడు. ఒకప్పుడు టాక్సీ నడిపి ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో కుర్చీకే అంటుకుపోయిన ఆమె తండ్రి జోగయ్య, అరుగు మీంచి అతన్ని ఎగాదిగా చూసి, ఆ చొక్కాతో పెళ్ళికి బయల్దేరాడా అని కూతుర్ని అడిగాడు.

కుసుమ జాకీ ఎత్తి, స్పానర్ అతని చేతికిచ్చింది. బోల్టు కదల్లేదు. స్పానర్ మీద ఎక్కి నిలబడమంటే నిలబడ్డాడు, జారి బురదలో కూలబడ్డాడు. అప్పుడుగానీ ఆమెకి ఆ చొక్కా నచ్చలేదు.

చక్రం ఊడింది. బయటి ప్యాడ్ ఆమె చూసినట్టే మందంగా ఉంది. లోపలిది మాత్రం మొత్తం అరిగిపోయి, వట్టి రేకు మిగిలింది. డిస్కు నిండా గాడులు. ప్యాడ్లని పట్టి నొక్కే కాలిపర్ పిన్ను తుప్పుకి బిగుసుకుపోవడంతో భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడింది.

అతను దెప్పుతాడని, కుసుమ పదునైన జవాబొకటి నాలిక మీదే ఉంచుకుంది. అతను దెప్పలేదు. ఇంత పాడయ్యేదాకా తొక్కితే మీ కాలు నొప్పెట్టలేదా అని అడిగాడు. ఆమెకి ఆ జవాబు మింగక తప్పలేదు.

పిన్ను గీకి గ్రీజు రాశారు. బజారు నుంచి తెచ్చిన కొత్త డిస్కులు, రెండువైపులా కొత్త ప్యాడ్లు వేశారు. బోల్టులు బిగిస్తూ, తలెత్తకుండానే అడిగింది.

"బ్రేకు పోయిందని తెలిసే ఎక్కీవారా?"

"తెలుసు."

"రైలున్నాది కదా."

"ఉన్నాది. మీరు రైల్లో రారు కదా."

"మీరు పక్కన కూకుంటే బ్రేకు పడతాదా?"

"పడదండి. అదీ తెలుసు. మీరొక్కరే ఆ కారులో ఎల్తన్నారని తెలిసి, నేను రైల్లో కూకోలేకపోయాను."

కుసుమ ఆ బోల్టునే మళ్ళీ బిగించింది. ఇంత తెలివితక్కువ మనిషిని తను చూడలేదు. కళ్ళు మాత్రం అతని మీంచి తిప్పుకోలేకపోయింది.

పెడల్ గట్టిపడేదాకా తొక్కి, అతన్ని ఎక్కించుకుని స్టేషన్ రోడ్డు దాకా వెళ్ళి, ఖాళీ చూసి గట్టిగా బ్రేకు వేసింది. కారు చప్పుడు లేకుండా నిలబడింది. వాళ్ళు తిరిగి వచ్చేసరికి జోగయ్య అరుగు మీంచి, కూతురు వినేలా అన్నాడు.

"ఈ పంతులికి కారు తోలడం నేర్పుతావేటి, లేకపోతే బతుకంతా నువ్వే తిప్పుతావేటి?"

దిగబోతూ తలుపు తీసిన హరిబాబు చెవులు ఎర్రబడ్డాయి. కుసుమ ఇంజన్ ఆపలేదు.

"మీ అమ్మానాన్నల్ని మా ఇంటికి తీసుకొస్తారా, అందులోనూ నెమ్మదేనా?"

"సాయంత్రం రైలుకే తీసుకొస్తాను" అన్నాడతను. ఈసారి నెమ్మదిగా కాదు.

"రైలెందుకు? తలుపేసుకోండి" అని, కుసుమ కారుని పొందూరు వైపు తిప్పింది.