వదినా అని పిలిచే కొడుకు

జూరకాన్ ఇంట్లో తెల్లవారిందంటే ముందు టీనీళ్ళు కాగే సమోవారు పొగ కనపడాలి, ఆ వెనకే కోడలి మీద ఒక విసురు వినపడాలి. ఆ పొద్దున రెండూ వేళకే జరిగాయి.

“ఏమే బురుల్, ఈ టీలో నా మొహం కనపడుతోంది. పాలు పొయ్యడానికి చెయ్యి రాలేదా?”

“ఆవు ఇచ్చినన్నీ పోశాను అత్తయ్యా. తిట్టేదేదో దాన్నే తిట్టండి.”

“దాన్ని తిడితే రేపు ఈ మాత్రమూ ఇవ్వదు. నిన్ను తిట్టినా టీ ఆగదు కదా,” అని జూరకాన్ బోసినోటితో నవ్వి, రొట్టెముక్క మీగడలో అద్దుకుంది.

అత్తాకోడళ్ళ సరసం అలాగే ఉండేది. కిర్గిజ్ కొండల్లోని అట్‌బాషీలో ఆ వీధి వీధంతటికీ తెలుసు, వాళ్ళు తిట్టుకోని రోజు ఎవరికో ఒంట్లో బాగాలేదని.

ఆ నెల మాత్రం ఇంట్లో పని తెమిలేలా లేదు. జూరకాన్ పెనిమిటి కసిమాలి పోయి ఏడాది కావస్తోంది. ఏడాది విందు పెట్టాలి, గుర్రాన్ని కొయ్యాలి, చుట్టాలందరినీ పిలవాలి. పోయినవాడి కోటు, టోపీ, కొరడా, మంచి వస్తువులన్నీ దగ్గరవాళ్ళకి పంచాలి. ఆ పంపకం పనంతా తిలెక్ మీద పెట్టారు. ఇంటికి చిన్నకొడుకు వాడే కదా మరి.

చిన్నకొడుకంటే కన్నకొడుకు కాదు. జూరకాన్ కొడుకు సగిన్‌కి, కోడలు బురుల్‌కి పుట్టిన తొలిచూలు బిడ్డ తిలెక్. తొలి మనవణ్ణి నానమ్మ ఒళ్ళో పెట్టెయ్యడం అక్కడ పరువైన ఇళ్ళ పద్ధతి. ఒళ్ళో పెట్టాక ఆ బిడ్డ నానమ్మకే కొడుకు. తిలెక్ జూరకాన్‌ని అమ్మా అంటాడు, కన్నతండ్రిని అన్నా అంటాడు, కన్నతల్లిని వదినా అంటాడు. పాలివ్వడానికి మాత్రం పిల్లాణ్ణి బురుల్ చేతికి ఇచ్చేవాళ్ళు, తాగడం కాగానే తీసుకునేవాళ్ళు. పెద్దల ఎదట వాణ్ణి ముద్దాడితే తప్పు. బురుల్ ఆ తప్పు ఒక్కనాడూ చెయ్యలేదు. ఇప్పుడు వాడు ఆరడుగుల మనిషి, మూతిమీద మీసం వచ్చింది. ఎవరికీ అందులో వింతేమీ కనపడదు.

తరవాత పుట్టిన బెగిమాయ్ తల్లి దగ్గరే పెరిగింది. అన్నని అన్నా అనడానికి వరస కుదరదని, ఏడిపించడానికి వాణ్ణి బాబాయ్ అంటుంది.

ఆ పిల్ల నిన్న సాయంత్రమే రాజధాని బిష్కెక్ నుంచి షేర్ టాక్సీలో దిగింది. బిష్కెక్‌లో తను చేసే ఉద్యోగం పేరు ఆ ఇంట్లో పలకరు. మనుషులు తమ ప్రాణం తామే ఎందుకు తీసుకుంటున్నారు, ఏ దేశంలో ఎంతమంది, ఆపడానికి ఏం చెయ్యాలి అని చాలా దేశాలవాళ్ళు కలిసి చేసే పరిశోధన అది. అలా మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళ పక్కన కూర్చుని, చెప్పినంతసేపూ వినడం ఈ పిల్ల పని. ఊళ్ళో ఎవరడిగినా బురుల్ “మా అమ్మాయి లెక్కల ఆఫీసులో” అనేది. అబద్ధమేం కాదు, అక్కడా లెక్కలున్నాయి.

తిలెక్ టీ తాగడానికి రాలేదు.

“బాబాయ్ గారు ఇంకా లేవలేదా? పెళ్ళి కావలసిన మనిషి ఇంతసేపు పడుకుంటే పిల్లనెవరిస్తారు?” అంది బెగిమాయ్.

“లేచాడు. గొర్రెల దొడ్డి దగ్గరున్నాడు. ఆకలి లేదన్నాడు,” అంది బురుల్, గిన్నె కడుగుతూ.

“వాణ్ణేమీ అనకు,” అంది జూరకాన్. “ఈ ఇల్లు వాడి భుజం మీదే నిలబడింది. వాడి చేతి ధర్మం చూసి ఊరంతా దీవిస్తోంది. ఎవరొచ్చినా నీ చిన్నకొడుకు బంగారం అనేవాళ్ళే.”

అంటూండగానే పొరుగింటి ఉమ్‌సున్ నూనెలో వేయించిన రొట్టెలు గుడ్డలో మూట కట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే దీవెనలు మొదలుపెట్టింది.

“కసిమాలి ఎక్కడున్నా వెలుగులో ఉండాలి. జీను మా అల్లుడి గుర్రానికి కొలిచి చేసినట్టు సరిపోయింది. కొత్తది, వెండి మేకులు కూడా మెరుస్తున్నాయి.”

బెగిమాయ్ చేతిలో రొట్టె ఆగిపోయింది. “తాతది పాత జీను కదా అత్తా. దానికి మేకులెక్కడివి?”

“ఏమో తల్లీ, తిలెక్ తెచ్చి చేతిలో పెట్టాడు. ఇచ్చేవాణ్ణి ఎవరిదని అడుగుతామా?” అని ఉమ్‌సున్ టీ తాగి, ఊరి కబుర్లన్నీ చెప్పి వెళ్ళింది.

ఆవిడ తలుపు దాటగానే బెగిమాయ్ తల్లి వైపు తిరిగింది. “ఆ జీను బాబాయ్‌ది. గుర్రప్పందెంలో గెలిచాడు. అమ్మా, వాడు తనవి ఇంకా ఏమేమిచ్చాడు?”

బురుల్ పిండి పిసుకుతోంది. చెప్పడం ఇష్టం లేనట్టు నెమ్మదిగా చెప్పింది. వాయించుకునే కొముజు వాద్యం బళ్ళో పాటల మాస్టారికిచ్చాడు. శీతాకాలం కోటు మేనమామ కొడుక్కి. పెంచుకున్న వేటకుక్కని కొండమీది గొర్రెలకాపరికి.

“తాత బట్టలు పంచడం ఆచారం. తన కుక్కని పంచెయ్యడం ఏ ఆచారమమ్మా?”

పిండిలో బురుల్ చేతులు ఆగిపోయాయి. ఆ మాట ఆమెకి కొత్త కాదు. కుక్క వెళ్ళిన సాయంత్రం నుంచీ గొంతులో ముల్లులా ఉంది. ఎవరితో అనాలి? వదినగారికి మరిది కుక్క సంగతెందుకు?

“మా పనిలో ఇది తరచు వింటాం,” అంది బెగిమాయ్. గొంతులో ఇందాకటి అల్లరి లేదు. “నేను కూర్చున్న ఇళ్ళలో చాలాచోట్ల తల్లులు ఇదే చెప్పారు. తిండి తగ్గింది, నిద్రపోలేదు, ఇష్టమైనవన్నీ ఇచ్చేశాడు, మంచివాడు అనుకున్నాం అని. అందరికీ అలాగే అవుతుందని కాదు. కానీ అడగాలి. వాణ్ణి తిన్నగా అడగాలి.”

“నోరు ముయ్యి.” బురుల్ ఎన్నడూ అంత గట్టిగా అనలేదు. “నీ ఆఫీసు బిష్కెక్‌లోనే ఉంచు. నా గుమ్మం లోపలికి తేకు. ఆ పేరు పలికితే అది ఇంట్లోకొస్తుంది.”

“రాదమ్మా. అడిగితే లేని ఆలోచన పుట్టదని ఎన్నో దేశాల్లో చూశారు. ఉన్నవాడికి మాత్రం చెప్పుకోడానికి ఒక దారి దొరుకుతుంది.”

“దేశాల సంగతి నాకెందుకు? వాడు బెదిరిపోతే?”

జూరకాన్ కర్ర నేలకేసి కొట్టింది. “ఎవరి గురించే మీరు మాట్లాడుతున్నారు? పోయినవాడి పేరు నిలబెడుతున్నాడని ఊరు మెచ్చుకుంటోంది. ఇవ్వరా నాయనా, ధర్మం చెయ్యి అని నేనే చెప్పాను. నా కొడుక్కేం లోటు?”

“మీ కొడుకేనా అత్తయ్యా?”

పెళ్ళై వచ్చిన నాటి నుంచీ బురుల్ నోట రాని మాట అది. పిండి చేతులతో అలాగే నిలబడింది.

“వాడు ముద్ద దిగక లేచిపోతుంటే వెనకాలే చూస్తూ ఉంటాను. తినరా అనడానికి నాకు వరస లేదు. జ్వరమొస్తే తలుపు బయట నిలబడ్డాను. మావయ్యగారు పోయిన రోజు వాడు దొడ్డిలో ఒక్కడే ఏడుస్తుంటే, వెళ్ళి తల నిమరడానికి నాకు చెయ్యి రాలేదు. ఇప్పుడు వాడికేమన్నా అయితే, మరిది పోయాడని ఏడవాలా నేను?”

బెగిమాయ్ తల దించుకుంది.

జూరకాన్‌కి కోపం రావాలి. రాలేదు. పాలు తాగిన బిడ్డని తను అందుకునేటప్పుడు ఒక పచ్చి బాలింత మొహం పక్కకి తిప్పుకోవడం గుర్తొచ్చింది. అప్పుడు సిగ్గనుకుంది. తన అత్త కూడా తన తొలిబిడ్డని ఇలాగే తీసుకుంది. తనూ అలాగే మొహం తిప్పుకుంది. ఆడదాని మొహం ఆడది చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

కర్ర పక్కన పెట్టి, “మా అమ్మ ఒక మాట అనేది,” అంది. “చెడ్డ మాట నోట రాకుండా మంచి జరగదని. వెళ్ళవే. నువ్వే అడుగు.”

“నేనా అత్తయ్యా?”

“నేనడిగితే వాడు నిజం చెప్పడు. ముసలిదాని గుండె ఆగిపోతుందని భయపడతాడు. కన్నదానివి నువ్వు. వెళ్ళు.”

బెగిమాయ్ తల్లి చేతులు తనే కడిగింది. “తిట్టకు. ధైర్యాలు చెప్పకు. నీకు చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆ మాటతోనే అడుగు. చెప్పింది విను. అవునంటే మాత్రం ఒక్కణ్ణీ వదిలిరాకు.”

బురుల్ గిన్నెలో టీ పోసుకుని దొడ్డి వైపు వెళ్ళింది. తిలెక్ గడ్డివామికి ఆనుకుని కూర్చున్నాడు. గొర్రెలు గడ్డి కోసం అరుస్తున్నా వాడికి వినపడుతున్నట్టు లేదు.

“టీ తాగు.”

“అక్కడ పెట్టు వదినా. తరవాత తాగుతాను.”

ఆమె గిన్నె పెట్టలేదు. వాడి పక్కనే గడ్డిలో కూర్చుంది. వాడు ఉలిక్కిపడి చూశాడు. వదిన అంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు.

“నీ కుక్కని ఎందుకిచ్చేశావు?”

“అక్కడ గొర్రెలున్నాయి, పరిగెడుతుంది. ఇక్కడ దానికెవరున్నారు?”

“నువ్వున్నావుగా.”

వాడు గొర్రెల వైపు తల తిప్పుకున్నాడు. బురుల్ గిన్నె గడ్డిలో పెట్టి అడిగింది. “తిలెక్, నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?”

గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి. వాడు నేల చూస్తూ గడ్డిపరక తుంపినంత నెమ్మదిగా, “అనిపిస్తోంది,” అన్నాడు.

బురుల్ అరవలేదు. వాడికి ఇంకాస్త దగ్గరగా జరిగింది. “చెప్పు,” అంది.

వాడు చెప్పాడు. నాన్నా అని పిలిచే తాత పోయాక లోపల ఏదో ఆగిపోయిందన్నాడు. పొద్దున లేవడమే కొండెక్కినట్టుందన్నాడు. “అందరూ నన్ను ఇంటికి దూలమంటారు వదినా. నాకేమో నా కాళ్ళమీద నేను నిలబడ్డమే చేతకావడం లేదు. అమ్మకి చెబితే తట్టుకోదు. అన్నకి చెబితే మగాడివి కాదా అంటాడు. నేను లేకపోతే మీకందరికీ ఒక బరువు తగ్గుతుంది కదా అనిపిస్తోంది.”

“తగ్గదు,” అంది బురుల్. “నిన్ను ఒళ్ళోంచి తీసుకున్న రోజు నాకు బరువు తగ్గలేదు. అప్పుడే మొదలైంది.”

వాడు తలెత్తాడు. ఆమె చెయ్యి వాడి జుట్టు మీద ఉంది. ఎప్పుడు పెట్టిందో ఆమెకే తెలీదు.

“అమ్మకి చెప్పకు వదినా.”

“ఆ మాట ఇవ్వను. ఒక్కదాన్నే మొయ్యలేను, నిన్ను ఒక్కణ్ణే మొయ్యనివ్వను. లే, టీ చల్లారిపోయింది, వేరేది పోస్తాను.”

వాడు ఆ చల్లారిన టీ తాగేశాడు. తాగుతూ ఏడ్చాడు.

ఆ తరవాత జూరకాన్ చేసినవి ఊరు చాలాకాలం చెప్పుకుంది. ముందు సగిన్‌ని పిలిచి తండ్రి వేట తుపాకీ ఇంట్లోంచి తీయించి ఆవలి ఊళ్ళో తన తమ్ముడింటికి పంపింది. సగిన్ మగాడివి కాదా అనలేదు. తుపాకీ అప్పజెప్పి వచ్చి, తిలెక్ మంచం పక్కనే తన పరుపు వేసుకున్నాడు. మర్నాడు ఆవిడ కారెక్కి కొండమీదికి పోయి కాపరిని కుక్కనిమ్మంది. ఇచ్చినదాన్ని వెనక్కడగడం అక్కడ కక్కిన కూడు తినడంతో సమానం.

“ధర్మంగా ఇచ్చింది కదవ్వా,” అన్నాడు కాపరి.

“ధర్మం తరవాత చేస్తాం. ముందు కుక్కనెక్కించు. నవ్వేవాళ్ళు నవ్వుతారు, నాకు ఎలాగూ పళ్ళు లేవు, నేను నవ్వలేను.”

విందు కూడా వెనక్కి జరిపింది. పోయినవాడు ఆగుతాడు, ఉన్నవాడి పని ముందంది.

బెగిమాయ్ నారిన్ పట్నంలో తనకి తెలిసిన డాక్టరమ్మతో మాట్లాడింది. ఊళ్ళో పిచ్చి డాక్టరంటారని బురుల్ జంకితే, జూరకాన్ పండగ మఖమలు కోటు తొడుక్కుని కారులో ముందు సీట్లో కూర్చుంది. దాచుకుని వెళ్ళడానికి మనం దొంగలమా అంది.

డాక్టరమ్మ తిలెక్‌తో ఒంటరిగా చాలాసేపు మాట్లాడి, అందరినీ లోపలికి పిలిచింది. మందులున్నాయంది, మళ్ళీ మళ్ళీ రావాలంది. ఇది ఒక్క రోజులో పోదనీ, పోకుండా మాత్రం ఉండదనీ చెప్పింది. “మధ్యమధ్య నేనే ఫోను చేసి ఎలా ఉన్నాడో కనుక్కుంటాను. తల్లిగారికి చేస్తాను. మీలో తల్లెవరు?”

జూరకాన్ నోరు తెరిచింది. తెరిచి మూసుకుంది. ఆ ప్రశ్న తనకి కానట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ, మోచేత్తో కోడలి డొక్కలో పొడిచింది.

“నేనండీ,” అంది బురుల్. “నేను కన్నాను.”

డాక్టరమ్మ కూడా కిర్గిజ్ పిల్లే, పెద్దావిడ వైపు చూసి సంగతి గ్రహించింది. తిలెక్ గొంతు సవరించుకున్నాడు. “ఇద్దరికీ చెయ్యండి. ఒకరికే చేస్తే రెండో ఆవిడ నెల్లాళ్ళు నాకు టీ పెట్టదు.”

ఎన్నాళ్ళకో వాడి నోట వచ్చిన వేళాకోళం. బెగిమాయ్ నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

బయట మెట్ల మీద జూరకాన్ వాడి చెయ్యి పట్టుకుని దిగుతూ, “ఒరే, ఇవాళ్టి నుంచి దాన్ని అమ్మా అను. నాకేం తరిగిపోదు,” అంది.

వాడు బురుల్ వైపు చూశాడు. నోరు విప్పాడు, మాట రాలేదు. సిగ్గుపడి జూరకాన్ వైపు తిరిగాడు. “నాలిక తిరగడం లేదమ్మా. కొన్నాళ్ళు పడుతుందేమో.”

“పట్టనీ,” అంది బురుల్. “నువ్వుంటే చాలు నాయనా. పిలుపుదేముంది, ఎప్పటికొచ్చినా సరే.”

వాడు ఆమె చేతిసంచీ అందుకుని భుజాన వేసుకున్నాడు.

“ఉంటాను వదినా,” అన్నాడు.