కాలువ గట్టు చర్చిలో మూలుగు

రేపల్లె దాటాక కాలువ గట్టు మీద పాత చర్చి ఒకటుంది. రాత్రి తొమ్మిదైతే ఆ దారిన ఆటోవాళ్లు హారన్ కొట్టరు. కొడితే లోపల్నుంచి జవాబొస్తుందట. విన్నవాళ్లు చెప్పిందే చెప్తున్నాను, నా మీద పడకండి.

జవాబిచ్చేది పైపు ఆర్గన్. వందేళ్ల కిందట దొరలు ఓడలో తెప్పించి, కాలువ మీద పడవలో తెచ్చి దింపారు. బీరువా కంటే పెద్దదేం కాదు. వెనక గదిలో ఒకరు తోలు తిత్తి తొక్కితేనే దానికి ఊపిరి. మోషే మేస్టారు వాయిస్తుంటే వాళ్ల నాన్న తొక్కేవాడు. ఆయన పోయి ముప్పై ఏళ్లు. తిత్తి ఎప్పుడో చిరిగిపోయి ఉంటుందని అందరూ దాన్ని వదిలేశారు.

అలాంటిది ఈ వానాకాలం నుంచి... తనంతట తానే మూలుగుతోంది. సాయంత్రం ప్రార్థనకి జనం రావడం మానేశారు. తెల్లారగానే విప్పి పారేయాలని సంఘ పెద్దలు తీర్మానం చేసేశారు. మేస్టారు బతిమాలితే పాస్టరు గారు ఒక్క మాటన్నారు: ఈలోపు ఒక్క కీర్తన పలికించి చూపిస్తే ఉంచుదాం.

మిగిలింది ఆ ఒక్క రాత్రే. మేస్టారు టార్చి పట్టుకుని వెళ్లి ముందు బల్ల మీద కూర్చున్నాడు. పది... పదకొండు... కరెంటు పోయింది.

మ్మ్మ్... మ్మ్...

మేస్టారి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అయినా లేచి, వేళ్లతో నొక్కి వాయించే మెట్ల మీద టార్చి వేశాడు — మనిషి లేడు. ఒక మెట్టు మాత్రం వాన చెమ్మకి ఉబ్బి, కిందికి దిగి ఇరుక్కుపోయింది. వెనక గదిలో ఎవరో... ఊపిరి పీలుస్తున్నారు.

తలుపు తోశాడు.

తిత్తి మీద, దుప్పటి ముసుగులో, ఏదో గజగజ వణుకుతోంది. అది వణికినప్పుడల్లా ఆర్గన్ మూలుగుతోంది.

“ఎవరది?”

“నేనే మేస్టారూ... వాచ్‌మన్ యలమందని. తలుపేసెయ్యండి, దెయ్యం బయటుంది.”

“నువ్విక్కడేంటి?”

“మొదట్లో దోమలకి తాళలేక దూరానండి. మెత్తగా ఉంది కదాని పడుకున్నా. ఆ రాత్రే మూలిగిందండి. అప్పట్నుంచి భయంతో రోజూ ఇందులోనే దాక్కుంటున్నా.”

మేస్టారు తిత్తి చుట్టూ తడిమి చూశాడు. ఎక్కడా చిరుగు లేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా గాలి నిలుస్తోంది. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. ఫోన్ తీసి పాస్టరు గారిని నిద్ర లేపాడు.

“అయ్యగారూ, పెట్టెయ్యకండి. కాస్త వినండి.”

యలమంద మెల్లగా దిగబోయాడు.

“దిగకు,” అని గుసగుసగా అన్నాడు మేస్టారు, వాయించే చోటికి పరిగెత్తబోతూ. “దెయ్యం ఇటే వస్తోంది. ఇంకాస్త గట్టిగా వణుకు.”